కాఫీయు తడికట్టెయు

కార్తికమాసమున తెల్లవారకమునుపే కొవ్వూరి గోష్పాద రేవు మేల్కొనును. అరటిదొప్పలలో దీపములు విడుచువారు, మూడు మునకలు వైచి వణకుచు మెట్లెక్కువారు, తడిబట్టలతోనే గుడిచుట్టు ప్రదక్షిణము చేయువారు, వీరందఱి సందడి సద్దుమణగి, ఆవలి గట్టున రాజమహేంద్రవరపు దీపములు ఒకటొకటిగా ఆఱిపోవు వేళకు, రేవునకు కూతవేటు దూరమున నున్న మా పొరుగువారి వంటింటిలో ఇత్తడి ఫిల్టరు పైగిన్నెనుండి క్రింది గిన్నెలోనికి డికాక్షన్ చుక్కచుక్కగా దిగుచుండును. ఆ యింటి యజమాని ఒక సంస్కృత పాఠశాలలో చిరకాలము తర్కశాస్త్రము చెప్పి విశ్రమించిన పండితుడు. ఆయన భార్యకు తమ్ముడు వంతెనకు ఆవల వైద్యము చేయుచు, పర్వదినములందు గోదావరీస్నానము నెపమున అక్కగారి చేతి కాఫీకై ఇవతలి గట్టునకు వచ్చువాడు.

కార్తిక సోమవారమునాటి ఉదయమున నేనును ఆ యరుగుమీదనే కూర్చుండియుంటిని. పండితునికిని వైద్యునికిని వాదము కలిగినచో మొదటివాడు పాతదానిని, రెండవవాడు క్రొత్తదానిని సమర్థించుట లోకమెఱిగిన సంగతి. ఆనాడు మాత్రము పక్షములు తారుమారయ్యెను. కాఫీపక్షము వహించినవాడు పండితుడు, శంకించినవాడు వైద్యుడు. నా చెవిని పడిన సంవాదమును ఉన్నదున్నట్లుగా వ్రాయుచున్నాను.

పండితుడు: రావోయి, రా. ఇరువదియేండ్లనుండి ‘కాఫీ తగ్గింపుడు బావగారూ’ అని నన్ను వేధించుచుంటివే, ఈ పత్రిక చదువుము. కాఫీ త్రాగువారికి ఆయుర్దాయము హెచ్చట, మధుమేహభయము తగ్గునట, కాలేయమునకు రక్షయట. ఇక నీవు మందుల చీటిమీద వ్రాయవలసినది ఒక్కటే: పూటకు రెండు గ్లాసులు.

వైద్యుడు: పత్రికవారు అబద్ధము వ్రాయలేదు, బావగారూ. కాని పరిశోధకులు చెప్పినది ఒక పుటయైనచో శీర్షికలోనికి వచ్చినది ఒక పంక్తి. అమెరికాలో 50 మొదలు 71 ఏండ్ల ప్రాయముగల 4 లక్షలకు పైబడిన స్త్రీపురుషుల అలవాట్లను 1995లో వ్రాసికొని, 2008వఱకు వారిలో ఎవరు బ్రతికిరి, ఎవరు గతించిరి అని లెక్క చూచి, 2012లో ప్రకటించిరి. మొట్టమొదట తేలినదేమో మీకు తెలియునా? కాఫీ త్రాగువారే ఎక్కువగా మరణించిరి.

పండితుడు: అదేమి విపరీతము!

వైద్యుడు: కాఫీ ఎక్కువగా త్రాగువారిలో పొగత్రాగువారును ఎక్కువగా నుండిరి. ఆ పొగాకు దోషమును లెక్కలోనుండి వేరు చేసి చూడగా ఫలము తలక్రిందులయ్యెను. కాఫీ త్రాగువారిలో మరణములు కొంత తక్కువగా కనబడెను. మీ పత్రిక వ్రాసినది ఈ రెండవ మాటను.

పండితుడు: (కుర్చీలో ముందునకు జరిగి) ఓయీ, నీవు చెప్పునది మా తర్కములోని యుపాధి గదా! పొగ యున్నచోట నిప్పుండుననుట సద్ధేతువు. తిరుగవైచి, నిప్పున్నచోట నెల్ల పొగ యుండుననినచో చెల్లదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగకు కారణము వట్టి నిప్పు కాదు, నిప్పునకు తడికట్టె తోడగుట. ఆ తడికట్టెయే ఉపాధి. నీ యమెరికావారు కాఫీని చూచి మరణమును అనుమానించిరి. నడుమనున్న తడికట్టె పొగాకు. పొగను గూర్చిన మా పాతయుదాహరణము పొగాకునకు సరిగా అతికినది!

వైద్యుడు: అతుకకేమి? వంతెన దాటినంతనే పొగాకు పరిశోధనకై 1947లోనే ఒక సంస్థ వెలసిన సీమ మనది. ఇక్కడ చుట్టయు కాఫీగ్లాసును ఒకే అరుగుమీద పెరిగినవి.

పండితుడు: అయినచో వాదము ముగిసినది. ఉపాధిని తొలగించితిరి, మిగిలిన వ్యాప్తి, అనగా తప్పని సంబంధము, నిరుపాధికము. కాఫీ ఆయుర్వర్ధకమని సిద్ధాంతము.

వైద్యుడు: ఒక తడికట్టెను తీసివైచినంతమాత్రమున పొయ్యిలో మఱి తడికట్టెలు లేవని మీరెట్లు చెప్పగలరు? కడుపులో మంట గలవాడు, గుండె దడదడలాడువాడు, నిద్రపట్టనివాడు, మందులమీద బ్రతుకువాడు, వీరందఱు మావంటివారు చెప్పియో, తమంతట తామేయో కాఫీ మానివేయుదురు. అప్పుడు త్రాగనివారి జాబితాలో రోగులు చేరుదురు, త్రాగువారి జాబితాలో దిట్టలు మిగులుదురు. కాఫీ దృఢత్వమిచ్చెనా, దృఢుడే కాఫీ త్రాగగలిగెనా?

పండితుడు: (కొంతసేపు ఊరకుండి) ఆ శంక నిలుచును. దానిని తీర్చు మార్గము లేదా?

వైద్యుడు: సరియైన మార్గము ఒక్కటి. చీట్లు వేసి కొన్నివేలమందిని రెండుగా విభజించి, ఒక సగముచేత ఇరువదియేండ్లు కాఫీ త్రాగించి, రెండవ సగముచేత మాన్పించుట. మీరు ఏ సగములో చేరుదురు?

పండితుడు: మాన్పించు సగములో చేరుటకంటె గోదావరిలో దిగుట మేలు.

వైద్యుడు: అందఱి యుత్తరము నదియే, కావుననే అట్టి పరీక్ష జరుగలేదు. దానికి బదులు డెన్మార్కులో ఒక ఉపాయము పన్నిరి. కొందఱికి పుట్టుకతోనే కాఫీమీద మక్కువ పెంచు జన్యులక్షణములు కలవు. పుట్టుకతో వచ్చినది పొగాకువలనను రోగమువలనను మాఱదు గనుక, అట్టి లక్షణములున్నవారు ఇతరులకంటె దీర్ఘాయువులా అని కోపెన్‌హాగెన్ పరిశోధకులు చూచి, 2016లో ప్రకటించిరి. దీర్ఘాయువులని తేలలేదు. అట్లని కాఫీ నిష్ప్రయోజనమని నేననుట లేదు. ఆయువు పెంచునని సంతకము చేయలేననుచున్నాను.

పండితుడు: నీ సంతకము లేకున్నను కాలేయము, మధుమేహము మిగిలియున్నవి గదా? వానిని కూడ ఉపాధి మ్రింగివేసెనా?

వైద్యుడు: లేదు; అక్కడ నేను మెత్తబడుదును. 2002లో హాలెండువారు 17 వేలమందిని గూర్చి చేసిన పరిశీలనలో, దినమునకు 7 కప్పులు త్రాగువారికి, 2 కప్పులకు మించనివారికంటె మధుమేహము వచ్చు అవకాశము సగమని తేలెను. అటుపిమ్మట అనేక దేశములలో చూచినవారికి పరిమాణము మాఱినను దిక్కు మాఱలేదు. చిత్రమేమనగా కెఫీన్ తీసివైచిన కాఫీ త్రాగువారిలోను అదియే కనబడెను. కావున ఆ గుణము, కలదేని, కెఫీనుది కాదు. గింజలోనున్న క్లోరోజెనిక్ ఆమ్లము వంటి ఇతర ద్రవ్యములది కావచ్చును. వణుకురోగము మాట వేఱు. హవాయి దీవులలో 8 వేలమంది జపాను సంతతి పురుషులను ఏండ్ల తరబడి కనిపెట్టి 2000లో వ్రాసిన దానినిబట్టి అక్కడ కెఫీనే రక్షకమువలె తోచుచున్నది. ఇక కాలేయము గట్టిపడు జబ్బు, ముఖ్యముగా మద్యపానమువలన వచ్చునది, కాఫీ త్రాగువారిలో తక్కువ. ఇట్టి పరిశీలనలను క్రోడీకరించిన విశ్లేషణలు రెండువందలకు పైగా ఒక్కచోట చేర్చి తూచిన బ్రిటిషు వైద్యపత్రిక 2017లో, దినమునకు 3, 4 కప్పులకడ మేలు మిక్కిలిగా కనబడుచున్నదని వ్రాసెను. ఇన్ని సాక్ష్యములు ఒకే వైపునకు మొగ్గగా నేను కాదనుట హఠవాదమగును.

పండితుడు: చిరంజీవ! ఈ కెఫీనును తొలుత వేరుచేసిన పుణ్యాత్ముడెవడోయి?

వైద్యుడు: రుంగె యను జర్మను రసాయనవేత్త, 1819లో. అతనికి కాఫీగింజలిచ్చి పరీక్షింపుమని పురికొల్పినవాడు మహాకవి గేటే.

పండితుడు: శాకుంతలమును నెత్తిన బెట్టుకొని పొగడిన ఆ గేటేయేనా? ఇంకేమి కావలెను! కాళిదాసుని రుచి యెఱిగినవానికి కాఫీరుచి తెలియుటలో వింత యేమి? ఇంకొక మాట. నీవు కాఫీని పరదేశద్రవ్యమని ఈసడించుటకును వీలులేదు. బాబాబూదన్ అరబ్బుదేశమునుండి ఏడు గింజలు తెచ్చి కన్నడసీమ కొండలపై నాటెనన్నది ఐతిహ్యము; అది యట్లుండనిమ్ము. మన గోదావరి మన్యముననే, మారేడుమిల్లి దిక్కున పాములేరు లోయలో, 1898లో బ్రోడీ యను దొర నాటించిన మొక్కలు తెలుగునేలపై మొదటి కాఫీ. నేడు అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గిరిజనులు మిరియపు తీగెలు ప్రాకిన చెట్లనీడను దానిని పండించుచున్నారు. ఈ నదికి నీరిచ్చు కొండలే ఈ గ్లాసునకు గింజ నిచ్చినవి.

వైద్యుడు: గింజ మనదే, ఒప్పుకొంటిని. ఇప్పుడు గ్లాసును చూతము. ఆ హాలెండువాడును అమెరికావాడును త్రాగిన ‘కప్పు’ ఎట్టిది? కాగితపు వడపోత, పలుచని కషాయము, పాలు కొంచెమో లేకయో. మీ గ్లాసులో చెంచాలు రెండు పంచదార, అనగా సుమారు 10 గ్రాములు. దినమునకు ఐదు గ్లాసులు, 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెద్దవారికి 25 గ్రాములలోపు మేలని చెప్పినది. మధుమేహమును తప్పించుకొనుటకు కాఫీ త్రాగుచున్నానని చెప్పుచు, ఆ కాఫీతోనే మధుమేహమునకు పీట వేయుచున్నారు.

పండితుడు: ...సరి. ఒక చెంచా తగ్గింతును. ఇంకేమి?

వైద్యుడు: ఆ యిత్తడి ఫిల్టరు. కాఫీగింజలోనున్న ఒకవిధమగు నూనె రక్తములో కొలెస్టరాలును పెంచును. కాగితము ఆ నూనెను పట్టివేయును. చిల్లుల పళ్లెము అంతగా పట్టలేదు. గుండెజబ్బున్నవాడు గమనింపవలసినది.

పండితుడు: నా గుండె బాగుగనే యున్నదని మొన్ననే చెప్పితివి. పైగా మా పొడిలో చికోరీ కలదు. నూటికి 49 పాళ్లవఱకు చట్టమే సమ్మతించిన ఆ వేరుపొడిలో కెఫీనును లేదు, నీ నూనెయు లేదు. ఎందఱో కల్తీయని తిట్టిన చికోరీయే నాకిప్పుడు సాక్షి!

వైద్యుడు: (నవ్వుచు) ఆ యంశము మీది. ఇంకొకటి. 1991లో కాఫీని మూత్రాశయపు క్యాన్సరు విషయమున అనుమానితుల జాబితాలో చేర్చిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో ఆ పేరు కొట్టివైచెను. అయితే ఆ తీర్పులోనే, ఏ పానీయమైనను 65 డిగ్రీలకు మించిన వేడితో త్రాగుట అన్ననాళమునకు కీడు చేయవచ్చునని వ్రాసెను. దోషము కాఫీలో లేదు, వేడిమిలో నున్నది. మీరు పొగలుగ్రక్కుచుండగనే గ్రుక్కెడు...

పండితుడు: ఆగుము, ఆగుము. మీ అక్కగారు గ్లాసునుండి గిన్నెలోనికి, గిన్నెనుండి గ్లాసులోనికి మూరెడెత్తున తిరుగబోసి యిచ్చుట నీవెఱుగవా? నురుగుకొఱకని మేమనుకొంటిమి, నాలుగుసార్లు గాలిలో జాఱిన ధార ఎంత చల్లబడునో నీ యుష్ణమాపకము పెట్టి చూడుము. జెనీవాలోనో మఱెచ్చటనో తీర్పు వ్రాయకమునుపే మన ఆడువారు దానిని అమలుపఱచిరి.

వైద్యుడు: అదియు మీదే. ఇక నిద్ర సంగతి చెప్పుడు. రాత్రి రెండుగంటలకు లేచి కూర్చుండి విష్ణుసహస్రనామము చదువుచున్నారని అక్కయ్య చెప్పినది.

పండితుడు: అది భక్తి.

వైద్యుడు: అది నాలుగుగంటల కాఫీ. మనము మేల్కొనియున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము కూడుచుండును. అది తన తావున జేరి ‘ఇక చాలు, పడుకొనుము’ అని చెప్పును. కెఫీను ఆకారములో దానిని పోలియుండి ఆ తావులను ముందుగా ఆక్రమించును. రేవులో గుంజకు వేఱొకని పడవ కట్టియున్నచో మన పడవ నడియేట నిలిచియుండును గాని వెనుకకు పోవునా? గుంజ ఖాళీ కాగానే నిలిచిన పడవలన్నియు ఒక్కసారి ఒడ్డునకు ఒరయును. కాఫీ అలసటను తీర్చదు. అలసటను ఏటి నడుమ నిలుపును. ఆ కెఫీనులో సగము ఒడలినుండి పోవుటకు సామాన్యముగా ఐదుగంటలు పట్టును. నాలుగుగంటలకు త్రాగినదానిలో సగము తొమ్మిదింటికి ఇంకను గుంజను విడువదు.

పండితుడు: పడవల యుపమానముతో నన్ను కట్టివేసితివి. రెండుగంటలకు జరుపుదును. అయినను సిద్ధాంతమునకు భంగము లేదు. మేలు కలదు, మితము వలయును, ఇంతే గదా? ఇది ఏ ద్రవ్యమునకు చెల్లదు? నేతికి చెల్లును, ఉప్పునకు చెల్లును. కావున కాఫీ మంచిదనియే నా నిర్ణయము.

ఈ మాట ముగియునంతలో పండితుని కూతురు, పురిటికి పుట్టినింటికి వచ్చి నెలదినములైన పిల్ల, మూడు గ్లాసులు పళ్లెములో పెట్టుకొని మెల్లగా గడప దాటి వచ్చెను. వైద్యుడు గ్లాసును గాక ఆమె చేతిగోళ్లను చూచెను; పిమ్మట కనుఱెప్ప క్రిందికి లాగి చూచెను.

వైద్యుడు: ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్ర వేసికొనుచున్నావా, అమ్మా?

కూతురు: ఒక్కనాడును మఱవలేదు, మామయ్యా. ఉదయము ఫలహారము కాగానే వేసికొందును.

వైద్యుడు: దేనితో?

కూతురు: కాఫీతోనే. నీళ్లతో మ్రింగిన వాంతి వచ్చినట్లుండును. కాఫీతోనైన దిగునని నాన్నగారే చెప్పిరి.

అరుగుమీద ఎవరును పలుకలేదు. పండితుడు పత్రికను మడచి ప్రక్కన బెట్టెను.

వైద్యుడు: బావగారూ, మీకు మేలు చేయుననుకొన్న ఆ క్లోరోజెనిక్ ఆమ్లమును దాని చుట్టపక్కాలును కడుపులో ఇనుమును పట్టుకొని రక్తములోనికి పోనీయవు. ఆకుకూరలు, పప్పులు తినువారి ఇనుమును మఱింత గట్టిగా పట్టును. భోజనముతో ఒక కప్పు కాఫీ త్రాగినచో ఇనుము నూటికి 39 పాళ్లు తగ్గి చేరినదని 1983లో ప్రకటించిన పరీక్షయొకటి కలదు. భోజనమునకు గంట ముందు త్రాగినచో నష్టము కనబడలేదు. గంట తరువాత త్రాగినచో భోజనముతో త్రాగినంత నష్టమే కనబడెను. ఇది మన యింటి ముచ్చట మాత్రమే కాదు. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. దానికి కాఫీయే కారణమని నేననను. అట్లన్నచో మరల మీ తడికట్టె వచ్చును. కాని ఉన్న కొలది ఇనుమును కాఫీచేత కట్టివేయించుట ఎందులకు? 1918లో కూనూరున ఒక చిన్నగదిలో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన మన పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో ఇదియే వ్రాసిరి: భోజనమునకు ముందు గంట, తరువాత గంట కాఫీ, టీ వలదు; దినమునకు కెఫీను 300 మిల్లీగ్రాములు మించవలదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 మొదలు 120 వఱకు ఉండునని లెక్కయు చెప్పిరి.

పండితుడు: ఆ 300 అమ్మాయికిని వర్తించునా?

వైద్యుడు: ఆమెకు 200 లోపు అని ఐరోపావారు 2015లో చెప్పిరి. నెలలు నిండుకొలది తల్లి యొడలినుండి కెఫీను పోవుట మందగించును. ఐదుగంటలలో పోవలసిన సగము పదునైదు గంటలును పట్టవచ్చును. అది మాయను దాటి బిడ్డను చేరును; దానిని విఱుచుకొను శక్తి బిడ్డకింకను రాలేదు. 3, 4 కప్పులు మేలని వ్రాసిన ఆ 2017నాటి వ్యాసమే గర్భిణులకు ఆ మాట వర్తింపదని అక్కడనే వ్రాసినది. శీర్షికలో అది చోటుచేసికొనలేదు.

పండితుడు చాలసేపు నదివైపు చూచెను. పిమ్మట కూతురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పాఠము చెప్పునట్టి మెల్లని స్వరముతో ఇట్లనెను:

పండితుడు: నలువదియేండ్లు తర్కము చెప్పితిని. అనుమానమునకు పక్షము ప్రాణము. పొగ యున్నది, నిప్పున్నదనుటకు ముందు ‘ఈ కొండమీద’ అని చెప్పవలెను. కొండను చూపనివానికి అనుమానమే లేదు. కాఫీ మంచిదని ఉదయమునుండి వాదించుచుంటిని. హేతువు చెప్పితిని, దృష్టాంతము చెప్పితిని, నీవు చూపిన ఉపాధులను కొన్నింటిని తొలగించితిని. ఎవరికి, ఏ వేళ, దేనితోడ అని మాత్రము ఒక్కసారియైనను అనలేదు. కొండను వదలి పొగనుగూర్చి వాదించితిని. నా కొండ వేఱు, దీని కొండ వేఱు. నాకు మంచిదైనది దీని చేతికి నేనే అందించితిని.

వైద్యుడు: మీరొక్కరే కాదు, బావగారూ. మేమును చీటిమీద మాత్ర పేరు వ్రాసి, ఎప్పుడు, దేనితో అని వ్రాయము.

అటుపిమ్మట ఏర్పాటులు వేగముగా జరిగిపోయెను. అమ్మాయికి తెల్లవాఱుచునే, ఏమియు తినకమునుపు, చిన్న గ్లాసెడు కాఫీ, దినమునకు అదియొక్కటే. ఎనిమిదింటికి ఫలహారము. పదునొకండు గంటలకు నిమ్మరసముతో మాత్ర. నిమ్మపులుపు ఇనుమునకు తోడుపడునని వైద్యుడు చెప్పగా, వాంతికిని అది మంచిదేయని వంటింటిలోనుండి అక్కగారు పలికిరి. పండితునకు పెసరట్టుతోడి కాఫీ తప్పిపోయినది. ఆ వియోగమునకు ఆయన నిట్టూర్చిన తీరు చూచినచో ఎవరికైనను జాలి కలుగును. సాయంకాలపు గ్లాసు రెండుగంటలకు జరిగెను. పంచదార ఒక చెంచాకు దిగెను. ఐదవ గ్లాసు సంగతి ఇంకను విచారణలో నున్నదని, తీర్పు వెలువడువఱకు పూర్వస్థితియే కొనసాగవలెనని ఆయన పట్టుబట్టగా, వైద్యుడు ఆ యొక్క విషయమున వాయిదా నిచ్చెను.

అప్పటికి పళ్లెములోని కాఫీ చల్లాఱియుండెను. అమ్మాయి గ్లాసులెత్తుచు, ‘మామయ్యా, మీకు వేడిగా ఇంకొకటి కలిపి తెత్తునా?’ అని యడిగెను. వైద్యుడు చేతిగడియారము చూచికొని, ‘ఫలహారమునకు ఇంకను గంట పైగా నున్నది గదా, తెమ్ము’ అనెను. లోపల గ్లాసునుండి గిన్నెలోనికి తిరుగబోయుచున్న చప్పుడు వినబడగా, పండితుడు వ్రేళ్లు ముడుచుచు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుచుండెను.